ఒక్క సొరుగుతో మొదలుపెట్టండి

(ఇల్లు సర్దుకోవడం గురించిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ముందుగా ఒక చిన్న పని చేద్దాం. మీ ఇంట్లో ఒక సొరుగును గుర్తుచేసుకోండి. లాగితే సగందాకా వచ్చి ఇరుక్కుపోయే సొరుగు. వచ్చిందా గుర్తు? అందులో ఏమున్నాయి? ఏ తలుపువో తెలియని తాళంచెవులు. ఎప్పుడో పోయిన ఫోన్ల చార్జర్లు. ఇంకు ఎండిపోయిన పెన్నులు. పనిచేస్తాయో లేదో తెలియని సెల్లులు. ఎక్కడి నుంచి ఊడిందో తెలియని ఒక స్క్రూ. ఆ స్క్రూని పారేయగలమా? పారేయలేం. రేపు ఏదైనా కుర్చీ కదిలితే, అరెరే, అది దీనిదే కదా అనుకుంటామని భయం. సరే, ఆ సొరుగును అలాగే మనసులో పెట్టుకోండి. మళ్లీ అక్కడికే వస్తాం.

నేను 31 ఏళ్లు గ్రంథాలయంలో పనిచేశాను. ఇల్లు సర్దడం గురించి చెప్పడానికి లైబ్రేరియన్ ఎందుకు అని మీకు అనిపించవచ్చు. గ్రంథాలయంలో పని అంటే పుస్తకాలు తెప్పించడం, ఇవ్వడం, తీసుకోవడం అని అందరికీ తెలుసు. ఇంకో పని ఉంది, అది బయటివాళ్లకు కనిపించదు. పుస్తకాలు తీసేయడం. అవును, తీసేయడమే. మా వృత్తిలో దాన్ని వీడింగ్ అంటారు. కలుపు తీయడం. చేలో కలుపు తీయకపోతే పైరు ఎదగదు కదా, అలాగే అరలో నుంచి పాతబడ్డవి తీయకపోతే మంచి పుస్తకం ఎవరి కంటా పడదు. ఉన్నా లేనట్టే.

మరి ఏ పుస్తకం తీయాలో ఎలా తెలుస్తుంది? పుస్తకం లోపల ఒక చీటీ అంటించి ఉండేది, గుర్తుందా? ఎప్పుడు ఎవరు తీసుకెళ్లినా దాని మీద తేదీ ముద్ర వేసేవాళ్లం. కంప్యూటర్లు వచ్చాక ఆ లెక్క తెర మీదికి మారింది, అంతే. ఆ చీటీ చూస్తే చాలు. చివరి ముద్ర ఏ సంవత్సరంది? పదేళ్లుగా ఎవరూ ముట్టలేదా? అప్పుడు ఆ పుస్తకం గురించి కూర్చుని ఆలోచిస్తాం. చీటీ చూసి గుడ్డిగా తీసేయం. అపురూపమైనదైతే ఉంచుతాం. కానీ ఆలోచన మొదలయ్యేది మాత్రం ఆ చీటీ దగ్గరే.

ఇదే నేను ఇవాళ మీకు చెప్పాలనుకున్నది. మన ఇంట్లో వస్తువు చేతిలోకి తీసుకుని మనం ఏమడుగుతాం? ఇది పనికొస్తుందా అని అడుగుతాం. ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ఒక్కటే. పనికొస్తుంది! ఎప్పటికైనా పనికొస్తుంది. పనికిరాని వస్తువు లోకంలో ఏదైనా ఉందా చెప్పండి? విరిగిన గొడుగు చువ్వకు కూడా ఏదో ఒక పని దొరుకుతుంది. అందుకే ఆ ప్రశ్నతో మొదలుపెట్టిన వాళ్లెవరూ సొరుగు ఖాళీ చేయలేరు. అది రేపటి గురించిన ప్రశ్న. రేపటి గురించి మనం ఏదైనా ఊహించుకోగలం. చీటీ అడిగేది నిన్నటి గురించి. దీన్ని పోయినసారి ఎప్పుడు వాడాను? దీనికి ఊహ అక్కర్లేదు, గుర్తు చేసుకుంటే చాలు.

ఇది తెలిసిన మనిషినే అయినా నా సొంత ఇంటి దగ్గర మాత్రం మొదటిసారి దెబ్బ తిన్నాను. ఒక సెలవు రోజు పొద్దున్నే లేచి, ఇవాళ ఇల్లంతా సర్దేస్తాను అనుకున్నాను. బీరువాలో ఉన్నదంతా తీసి మంచం మీద పోశాను. అటక మీద పెట్టెలు కూడా దింపించాను. మధ్యాహ్నానికి ఇంట్లో అడుగు పెట్టే చోటు లేదు. ఇంతలో ఒక పెట్టెలో మా అమ్మ రాసిన ఉత్తరాలు దొరికాయి. కింద కూర్చుని చదవడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, పది. కళ్లు తుడుచుకుని లేచేసరికి సాయంత్రం అయింది. రాత్రి పడుకోవాలంటే మంచం ఖాళీ కావాలి కదా? పొద్దున తీసినవన్నీ ఎలా పడితే అలా మళ్లీ బీరువాలో కుక్కాను. ముందుకంటే అధ్వానం. ఇచ్చేద్దామని ఒక సంచి మాత్రం నింపి గుమ్మం పక్కన పెట్టాను. ఆ సంచి మూడు నెలలు అక్కడే ఉంది. ఎవరో ఏదో వెతుకుతూ దాన్ని విప్పారు, ఒక్కొక్కటే మళ్లీ ఇంట్లోకి వచ్చేశాయి.

ఆ రోజు నేను చేతులు నొప్పెట్టి ఓడిపోలేదు. ఇల్లు సర్దడం అంటే చేతుల పని అనుకుంటాం. మోయడం, దులపడం, మడతపెట్టడం. నిజానికి అలసిపోయేది మనసు. ప్రతి వస్తువూ ఒక ప్రశ్న వేస్తుంది, ఉంచుతావా, తీసేస్తావా అని. బీరువా నిండా అయిదు వందల వస్తువులుంటే అయిదు వందల ప్రశ్నలు. ఒక్క రోజులో అయిదు వందల తీర్మానాలు ఎవరు చేయగలరు? అందులో మళ్లీ అన్నిటికంటే కష్టమైన ప్రశ్నను, అమ్మ ఉత్తరాలను, నేను మొదటి పూటే ఎత్తుకున్నాను.

ఒక వస్తువు వదలడం ఎందుకంత కష్టం? దీని మీద 1990లో వచ్చిన ఒక ప్రయోగం ఉంది. డేనియల్ కానమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు చేశారు. వారిలో ఇద్దరికి తర్వాత ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. విద్యార్థుల్లో కొందరికి ఊరికే ఒక్కో కప్పు ఇచ్చారు. మామూలు కప్పే. తర్వాత, ఎంతకైతే అమ్ముతారు అని అడిగారు. కప్పు రానివాళ్లను ఎంతకైతే కొంటారు అని అడిగారు. అమ్మేవాళ్లు చెప్పిన ధర కొనేవాళ్లు చెప్పినదానికి దాదాపు రెండింతలు ఉంది. ఆలోచించండి. ఆ కప్పు వాళ్ల చేతికి వచ్చి ఎంతసేపైందని? కొద్ది నిమిషాలు! అంతలోనే దాని విలువ పెరిగిపోయింది, నాది అనే మాట తోడైంది కాబట్టి. మరి ఇరవై ఏళ్లుగా మన ఇంట్లో ఉన్న వస్తువు సంగతి ఏమిటి? కాబట్టి వదలలేకపోతున్నామని సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అది మనిషి స్వభావం. అందుకే నేను ప్రశ్నను కొద్దిగా తిప్పి అడుగుతాను. ఈ వస్తువు ఇవాళ నా దగ్గర లేకపోతే, వెళ్లి కొని తెచ్చుకుంటానా? చాలాసార్లు జవాబు వెంటనే వస్తుంది.

ఇంకొకటి, డబ్బు పోసి కొన్నాను కదా అనే బాధ. కొన్నదే, కాదనను. కానీ ఆ డబ్బు కొన్న రోజే పోయింది. వస్తువును ఉంచుకుంటే డబ్బు తిరిగి రాదు, చోటు కూడా పోతుంది.

ఇప్పుడు సొరుగు దగ్గరికి వద్దాం. మొదటి రోజు ఆ ఒక్క సొరుగే. ఇల్లు కాదు, గది కాదు, బీరువా కూడా కాదు. ఫోనులో 20 నిమిషాలకు అలారం పెట్టండి. కింద ఒక పాత గుడ్డ పరిచి సొరుగును దాని మీద బోర్లించండి. ముందు చూడగానే తెలిసిపోయే చెత్త తీయండి, ఎండిన పెన్నులు, చిరిగిన కవర్లు, తుప్పు పట్టినవి. దీనికి ఆలోచన అక్కర్లేదు, రెండు నిమిషాల్లో కుప్ప సగమవుతుంది. ఆ తర్వాత ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని, పోయినసారి ఎప్పుడు వాడాను అని అడగండి. గుర్తొస్తే ఒక పక్కకు, గుర్తు రాకపోతే ఇంకో పక్కకు. ఎటూ తేల్చుకోలేనివి ఉంటాయి, ఆ స్క్రూ లాంటివి. వాటిని ఒక చిన్న డబ్బాలో వేసి, మూత మీద ఇవాళ్టి తేదీ రాయండి. ఆరు నెలల్లో ఆ డబ్బా తెరవాల్సిన అవసరం రాకపోతే మీకు జవాబు దొరికినట్టే. అదే మన ఇంటి చీటీ.

అన్నిటికీ ఈ ప్రశ్న సరిపోతుందా? సరిపోదు. టార్చిలైటు, ప్రథమ చికిత్స పెట్టె, మంటలార్పే సిలిండరు, ఇంటి పత్రాలు, సర్టిఫికెట్లు, ఇవి వాడలేదని తీసేయకూడదు. వాడాల్సిన అవసరం రాకపోవడమే వాటి విషయంలో మన అదృష్టం. గ్రంథాలయంలో కూడా అంతే, కొన్ని పుస్తకాలు ఏళ్ల తరబడి ఎవరూ అడగకపోయినా ఉంచుతాం.

అయితే అసలు సంగతి ఇప్పుడు చెబుతాను, దయచేసి వినండి. సొరుగు శుభ్రమైంది కదా అని పని అయిపోలేదు. తీసేసినవి ఇంటి గుమ్మం దాటితేనే ఆ పని అయినట్టు. నా సంచి కథ చెప్పాను కదా? అందుకే సంచి నింపిన రోజే, లేదంటే మర్నాడే, బయటికి పోవాలి. ఇవ్వదలచుకుంటే ఎవరికి ఇస్తారో ముందే అనుకుని ఆ పేరు సంచి మీద రాయండి. ఇచ్చేటప్పుడు మాత్రం, మీరు పుచ్చుకోవడానికి ఇష్టపడే స్థితిలో ఉన్నవే ఇవ్వండి. చిరిగినవి, పగిలినవి ఇవ్వడం దానం కాదు. మన ఇంటి బరువు వాళ్ల నెత్తిన పెట్టడం అవుతుంది.

కొన్నిటిని మామూలు చెత్తలో వేయకూడదు. ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో ఉండే లిథియం బ్యాటరీలు నలిగితే మంటలు వస్తాయి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చకండి, నొక్కకండి. ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోటే ఇవ్వండి. పాత ఫోన్ ఇచ్చేముందు అందులోని ఫొటోలు, నంబర్లు దాచుకుని, తర్వాత మొత్తం చెరిపేయండి. రిమోట్లలో, గడియారాల్లో వాడకుండా వదిలేసిన సెల్లులు కారిపోయి లోపలి భాగాలను తినేస్తాయి, వాటిని తీసిపెట్టండి. గడువు దాటిన మందులు సింకులో పోయకండి. వెనక్కి తీసుకునే మందుల షాపు దగ్గరలో ఉంటే అక్కడ ఇవ్వడం అన్నిటికంటే మేలు.

ఇక్కడ చాలామంది అడిగే మాట ఒకటుంది. మేడమ్, ముందు మంచి డబ్బాలు, బుట్టలు కొనుక్కుని సర్దితే బాగుంటుంది కదా? వద్దు. ముందు కొనకండి. ఎన్ని మిగులుతాయో తెలియకుండా డబ్బా ఏ సైజు కొంటారు? జపాన్ కర్మాగారాల నుంచి వచ్చిన ఫైవ్ ఎస్ అనే పద్ధతి ఒకటుంది. అందులో అయిదు మెట్లు. మొదటి మెట్టు సెయిరి, అంటే అక్కర్లేనివి వేరుచేసి తీసేయడం. రెండో మెట్టు సెయిటన్, ఉన్నవాటికి చోటు చూపించడం. శుభ్రం చేయడం మూడోది. చూశారా వరుస? తీయడం ముందు, సర్దడం తర్వాత. మనం చేసేది తలకిందులు. అక్కర్లేనివాటిని కూడా అందంగా మడతపెట్టి, పేరు రాసి, మూత పెడతాం. చెత్త చెత్తలాగే ఉంటుంది, డబ్బా ఖర్చు అదనం.

సర్దడం గురించి మా వృత్తిలో ఒక మాట ఉంది. తప్పు అరలో పెట్టిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానం. లక్ష పుస్తకాల్లో దాన్ని ఎక్కడని వెతుకుతాం? ఇంట్లో కత్తెర కూడా అంతే. మూడు కత్తెరలు ఎందుకున్నాయి మనకు? అవసరమైనప్పుడు ఉన్నది దొరక్క మళ్లీ కొన్నాం. ప్రతి వస్తువుకూ ఒక చిరునామా ఉండాలి, అది ఇంట్లో అందరికీ తెలియాలి. రోజూ వాడేది మోకాలికీ భుజానికీ మధ్య ఎత్తులో, వాడే చోటుకు దగ్గరగా. బరువైనవి కింద. ఎప్పుడో తీసేవి పైన, అవి కూడా తేలికైనవైతేనే.

అరను నిండా నింపకండి. 1931లో ఎస్. ఆర్. రంగనాథన్ గారు గ్రంథాలయానికి అయిదు సూత్రాలు చెప్పారు. నాలుగోది, పాఠకుడి సమయం ఆదా చేయాలి. అయిదోది, గ్రంథాలయం పెరిగే జీవి. అందుకే మేం ప్రతి అరలో కొంత ఖాళీ వదులుతాం. ఖాళీ లేకపోతే కొత్తగా ఒక్క పుస్తకం వచ్చినా వరుసంతా జరపాలి. ఇల్లు కూడా పెరిగే జీవే కదా? ప్రతి అరలో నాలుగో వంతు ఖాళీ ఉంచి చూడండి. తీసిన వస్తువు తిరిగి పెట్టడం ఎంత సులువో మీకే తెలుస్తుంది. అర కిక్కిరిసి ఉంటే ఎవరూ తిరిగి పెట్టరు, పైన పడేస్తారు.

సొరుగు తర్వాత ఎక్కడికి? బట్టల దగ్గరికి వెళ్లండి. బట్టలకు మంచి చీటీ ఉంది. హ్యాంగర్లన్నీ కొక్కెం మొన మీ వైపు తిరిగేలా, అంటే మామూలుగా పెట్టేదానికి ఎదురు వైపు తిప్పి వేలాడదీయండి. వేసుకుని ఉతికి తిరిగి పెట్టేటప్పుడు మామూలుగా పెట్టండి. రుతువులన్నీ ఒకసారి తిరిగి వచ్చాక చూడండి, ఏవి ఇంకా ఎదురు వైపే తిరిగి ఉన్నాయో. వాటి గురించి ఎవరితోనూ వాదించక్కర్లేదు.

ఇంట్లో పెద్దవాళ్లుంటే మాత్రం సొరుగు కంటే ముందు నేల చూడండి. మంచం నుంచి బాత్రూమ్‌కు వెళ్లే దారి, మెట్లు, గుమ్మం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం కింద పడి ఏటా 6 లక్షల 84 వేల మంది చనిపోతున్నారు, వారిలో ఎక్కువమంది 60 దాటినవాళ్లు. ఇల్లు అందంగా ఉండటం తర్వాత చూసుకోవచ్చు. రాత్రి లేచినప్పుడు కాలికి వైరు తగలకూడదు, అది ఇవాళే చూడాలి.

ఇప్పుడు కొంచెం కష్టమైన విషయం. ఇంట్లో మిగతావాళ్ల వస్తువులు. నేను చేసిన తప్పు చెబుతాను. మా అబ్బాయి చిన్నప్పుడు రాళ్లు ఏరి ఒక డబ్బాలో దాచుకునేవాడు. రాళ్లే కదా అని నేను పారబోశాను. వాడు చాలా రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. అంతకంటే బాధ ఏమిటంటే, ఆ తర్వాత ప్రతిదీ నా కంటపడకుండా దాచడం మొదలుపెట్టాడు. నా చీటీ ప్రకారం అవి రాళ్లు, వాడి చీటీ ప్రకారం రోజూ తీసి చూసుకునే పుస్తకం. అడగకుండా ఎవరి వస్తువూ తీయకండి. భర్తదైనా, అత్తగారిదైనా, అయిదేళ్ల పిల్లదైనా సరే. మీ సొరుగు, మీ బట్టలు, మీ కాగితాలు, ముందు అవి. మీది చూసి వాళ్లకు బుద్ధి పుడితే మంచిదే. పుట్టకపోతే కూర్చుని మాట్లాడుకోవాలి, అంతే.

ఏదీ వదల్లేక, గదుల్లో నడిచే దారి కూడా మూసుకుపోయి, తీయబోతే తట్టుకోలేని బాధ పడేవాళ్లు కొందరుంటారు. వాళ్లను బద్ధకస్తులు అనకండి. అమెరికా మానసిక వైద్యులు 2013లో తమ వర్గీకరణలో దీన్ని హోర్డింగ్ డిజార్డర్ అని విడిగా గుర్తించారు. దానికి చికిత్స ఉంది. అలాంటి ఇంటిని వాళ్లు లేనప్పుడు ఖాళీ చేయడం మేలు కాదు, చాలా హాని.

మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమని మనకో సామెత ఉంది. నాకు ఆ సామెత నచ్చదు. ఇల్లు నలుగురిదీ అయినప్పుడు చూపు ఒక్కరి మీదికే ఎందుకు పోవాలి? 2010లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు, డార్బీ శాక్స్‌బీ, రీనా రెపెట్టి, ఉద్యోగాలు చేసుకునే 60 మంది భార్యాభర్తలను వాళ్ల ఇళ్లు తిప్పి చూపించమన్నారు. ఒత్తిడితో ముడిపడిన కార్టిసాల్ అనే హార్మోన్ వాళ్లలో ఎంతుందో కూడా కొలిచారు. అది పొద్దుట ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గాలి. ఇల్లు చిందరవందరగా ఉంది, పనులు మిగిలిపోయాయి అని చెప్పుకున్న భార్యల్లో అది తగ్గాల్సినంత తగ్గలేదు. భర్తల్లో అలా కనిపించలేదు. వస్తువుల వల్లే ఇలా అయిందని ఈ ఒక్క అధ్యయనంతో తేల్చి చెప్పలేం. కానీ అదే ఇల్లు, అదే కుప్ప, టెన్షన్ మాత్రం ఎవరికి? అందుకే సర్దే రోజు ఇంటిల్లిపాదీ కూర్చోండి. ఎవరి సొరుగు వాళ్లకు ఇవ్వండి.

జ్ఞాపకాల సంగతి అడుగుతున్నారు వెనకనుంచి. అవునమ్మా, చెబుతాను. అవి చిట్టచివర. ముందు సొరుగులు, బట్టలు, కాగితాలు చేసి చేసి, తేల్చుకోవడం మనసుకు అలవాటయ్యాకే వాటి దగ్గరికి వెళ్లాలి. ఫొటో తీసి పెట్టుకోవడం మంచి ఉపాయం. 2017లో జర్నల్ ఆఫ్ మార్కెటింగ్‌లో ఒక అధ్యయనం వచ్చింది. జ్ఞాపకం ముడిపడిన వస్తువును ముందు ఫొటో తీసుకోండి, తర్వాత ఇవ్వండి అని చెప్పినచోట విద్యార్థులు ఎక్కువ వస్తువులు ఇచ్చారు. జ్ఞాపకం పోతుందనే భయమే మనల్ని ఆపుతుంది కాబట్టి, దాన్ని దాచుకునే దారి చూపిస్తే చెయ్యి వదులుతుంది.

మా అమ్మ ఉత్తరాలు ఏమయ్యాయని కదా మీ ప్రశ్న? రెండేళ్ల తర్వాత మళ్లీ ఆ పెట్టె తీశాను. ఈసారి వేరే పనేదీ పెట్టుకోలేదు. నాలుగు సాయంత్రాలు, రోజుకో గంట. మా అన్నయ్యను కూడా పిలిచాను. చాలావరకు డబ్బు అందింది, వానలు పడుతున్నాయి, ఒంట్లో బాగుందా అనే ఉత్తరాలు. అవి ఒకసారి చదివి, ఫొటో తీసి, వదిలాం. పదకొండు ఉంచాం. అంతకుముందు అవి అటక మీద, అట్టపెట్టెలో, చెమ్మ పట్టి, పురుగు తింటూ ఉండేవి. వాటి మీద నిజంగా చీటీ ఉండి ఉంటే, ఇరవై ఏళ్లలో ఒక్క ముద్ర కూడా పడి ఉండేది కాదు. ఇప్పుడు ఆ పదకొండు నా మంచం పక్క సొరుగులో ఉన్నాయి. ఆ సొరుగులో ఇంకేమీ లేదు. పోయిన వారం కూడా ఒకటి తీసి చదువుకున్నాను.

టైమ్ అయిందని చెబుతున్నారు. ఇంకా ఎవరైనా అడగాలనుకుంటే అడగండి, నేను ఇక్కడే ఉంటాను.